వేలు కోసుకోవడం తెలియని రౌడీలు: ‘జింగి నాకి తతకాయ్’ ఎలా పుట్టింది, ఎందుకంత గజిబిజి

తప్పు చేసిన యకూజా, అంటే జపాన్ ముఠా రౌడీ, క్షమాపణగా తన చిటికెన వేలు కోసి పెద్దలకు సమర్పించుకోవాలి. ఆ గదిలో ఉన్నవాళ్లందరికీ ఈ ఆచారం తెలుసు. తీరా కోసుకోవాల్సిన వేళకి, పద్ధతి ఏమిటో ఒక్కడికీ తెలీదు. మగాళ్లంతా మొహమొహాలు చూసుకుంటుంటే ముఠా నాయకుడి భార్య కల్పించుకుని, ఒసాకాలో చూశానంటూ దగ్గరుండి చెబుతుంది. హీరో పళ్ల బిగువున కోసేసుకుంటాడు. తెగిన వేలు ఎగిరి ఎక్కడో పడుతుంది. అంతసేపూ బిగుసుకుపోయి కూర్చున్న రౌడీలు పెరట్లో వంగి వంగి వెతుకులాడతారు. చివరికి అది కోళ్ల దగ్గర దొరుకుతుంది.

1973 జనవరి 13న జపాన్‌లో విడుదలైన ‘జింగి నాకి తతకాయ్’లోది ఈ సన్నివేశం. పేరుకి అర్థం, నీతీ మర్యాదా లేని పోరాటం అని. దర్శకుడు కింజి ఫుకసాకు, రచయిత కజువో కసహారా, హీరో బుంటా సుగావరా, నిర్మాణ సంస్థ తోయే. నిడివి 99 నిమిషాలే. మొదటిసారి చూసినవాళ్లలో చాలామంది అరగంటకే చేతులెత్తేస్తారు. ఎవడు ఎవడి మనిషో అర్థం కాదు. నిన్న రక్తం పంచుకుని అన్నదమ్ములైనవాళ్లు ఇవాళ కాల్చుకుంటారు. ఒకడి పేరు గుర్తుపెట్టుకునేలోపే వాడు చచ్చిపోతాడు. ఈ గజిబిజి చేతకాక వచ్చింది కాదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ పోతే సినిమా ఎలా తయారైందో మొత్తం బయటపడుతుంది.

ముందు తోయే సంగతి. 1963 నుంచి దాదాపు పదేళ్లు ఆ సంస్థకి అన్నం పెట్టినవి ‘నిన్‌క్యో’ సినిమాలు, అంటే ధర్మం తప్పని యకూజాల కథలు. కోజి త్సురుటా, కెన్ తకకురా, జుంకో ఫుజి వాటి తారలు. కథ ఎప్పుడూ ఒకటే. పాతకాలపు పద్ధతులు పాటించే మంచి ముఠా, డబ్బుకి అమ్ముడుపోయిన చెడ్డ ముఠా. హీరో అవమానాలన్నీ దిగమింగుతాడు. చివరికి ఇక ఓర్చుకోలేక కత్తి పట్టుకుని ఒంటరిగానో, ఒక నేస్తంతోనో శత్రువు ఇంటికి నడిచి వెళతాడు. ఆ నడక కోసమే జనం టికెట్టు కొనేవారు.

1972 నాటికి ఆ నడక పాతబడిపోయింది. ఆ ఏడాదే జుంకో ఫుజి పెళ్లి చేసుకుని సినిమాలు మానేసింది. ఆమె తండ్రి కోజి షుందో తోయేలో పెద్ద నిర్మాత, నిన్‌క్యో సినిమాలకు మూలస్తంభం. అదే ఏడాది ‘ది గాడ్‌ఫాదర్’ జపాన్‌లో విడుదలై బ్రహ్మాండంగా ఆడింది. నేరస్థుల కథలకి గిరాకీ తగ్గలేదు, పాత కథకే తగ్గిందని తోయేవాళ్లకు తెలిసొచ్చింది. పదేళ్లు మర్యాదని అమ్మిన అదే సంస్థ, అదే షుందో, ఇప్పుడు అదంతా బూటకమని చెప్పే సినిమాకి డబ్బు పెట్టారు. వ్యాపారం అంటే అంతేగా.

సరుకు దొరికింది జైల్లో. కోజో మినో అనే ముఠా నాయకుడు హిరోషిమా రాష్ట్రంలోని కురే పట్టణం వాడు. హిరోషిమా ముఠాల గొడవల్లో పడి అబాషిరి జైలుకి చేరాడు. హొక్కైడోలో, చలికి పేరుపడ్డ జైలు అది. అక్కడ ఉండగా ఒక పత్రికలో ఆ గొడవల గురించి వచ్చిన వ్యాసం చదివి మండిపోయాడు. తప్పంతా తన మీదే తోసినట్టు అనిపించింది. దానికి జవాబుగా, జరిగింది జరిగినట్టు అంటూ దాదాపు 700 కాగితాలు రాసేశాడు. యోమియురి పత్రికలో విలేకరిగా పనిచేసిన కోయిచి ఇయిబోషి చేతికి అవి అందాయి. ఆయన వాటికి తన వ్యాఖ్యానం జోడించి 1972లో ‘షూకాన్ సాంకెయ్’ వారపత్రికలో ధారావాహికగా వేశాడు.

ఒక్క క్షణం ఇక్కడ ఆగాలి. ఈ సినిమాకి మూలం నవల కాదు, పరిశోధన గ్రంథం కూడా కాదు. తన పేరు చెడగొట్టారని కోపం వచ్చిన ఒక ఖైదీ రాసుకున్న సంజాయిషీ. సంజాయిషీ రాసేవాడు ఏం చేస్తాడు? తేదీలు వేస్తాడు, పేర్లు రాస్తాడు, ఫలానావాడు ఫలానా రోజున ఫలానా మాట అన్నాడని గుచ్చి గుచ్చి చెబుతాడు. మొదటి నుంచీ వెన్నుపోటు పొడిచింది ఎదుటివాళ్లేనని నిరూపించుకోవాలని చూస్తాడు. సినిమాలో మనకి ఊపిరాడనివ్వని పేర్లూ తేదీలూ అన్నీ ఆ 700 కాగితాల తాలూకువే.

స్క్రీన్‌ప్లే రాయమని కసహారాని పిలిచారు. ఆయన అప్పటిదాకా నిన్‌క్యో కథలు రాసి పేరు తెచ్చుకున్నవాడు. వివరాల కోసం కురే వెళ్లి మినోని కలిశాడు. సినిమా అనేసరికి మినో ససేమిరా అన్నాడు. మాటల్లో తేలిందేమిటంటే, యుద్ధం రోజుల్లో ఇద్దరూ హిరోషిమా దగ్గరి ఓటకే నౌకాదళ శిక్షణ కేంద్రంలో ఉన్నవాళ్లే. అంతే, వాతావరణం మారిపోయింది. మినో కబుర్లలో పడ్డాడు. పత్రికలో రాయనివి కూడా చాలా చెప్పాడు. కసహారాది గుమాస్తా బుద్ధి. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎప్పుడు ఎటు తిరిగారు అని పట్టికలు వేసుకునేవాడు. ఆ పరిశోధన కాగితాలే తర్వాత పుస్తకంగా వచ్చాయంటే ఎంత మేర తవ్వాడో ఊహించుకోవచ్చు.

ఇక చిక్కు విప్పుదాం. ఐదు పేర్లు చాలు.

1946, కురే. ఒకప్పుడు యమాటో యుద్ధనౌకని కట్టిన ఊరు. ఇప్పుడు బాంబుల దెబ్బకి బూడిద, మధ్యలో నల్లబజారు. ఆ ప్రాంతంలో ఆక్రమణ సేనల బాధ్యత బ్రిటిష్ కామన్‌వెల్త్ దళాలది. ఆస్ట్రేలియన్లతో పాటు మన భారతీయ సైనికులు కూడా వాటిలో ఉండేవారు. సినిమాలో కనిపించేది మాత్రం అమెరికన్లే. యుద్ధం నుంచి తిరిగొచ్చిన షోజో హిరోనో (సుగావరా పాత్ర, అంటే మినో) బజార్లో ఒక అమ్మాయిని చెరచబోతున్న సైనికుల మీద పడతాడు. తర్వాత స్నేహితుల కోసం ఒక రౌడీని కాల్చి జైలుకి పోతాడు. అక్కడ దోయి ముఠాకి చెందిన వకాసుగితో అన్నదమ్ముల ఒడంబడిక. బయటికొచ్చాక యమమోరి అనే ముసలి నక్క దగ్గర చేరతాడు. యమమోరికి కుడిభుజం సకాయ్. యమమోరికీ దోయికీ పడదు. దోయిని చంపాల్సి వస్తుంది, చంపడానికి ఎవరూ ముందుకు రారు. హిరోనో సరేనంటాడు. యమమోరి దంపతులు ఏడ్చి, నువ్వు తిరిగొచ్చేసరికి ఆస్తంతా నీదేనంటారు. ఆ ఏడుపు చూసి తీరాలి. నొబువో కనెకో వేసిన ఈ యమమోరి పాత్ర పిరికిది, పిసినారిది, ప్రతి గండం నుంచీ కన్నీళ్లతో గట్టెక్కుతుంది. నా లెక్కలో సినిమాకి అసలు హీరో వాడే. మిగతావాళ్లు చస్తుంటారు, వాడు బతికేస్తుంటాడు.

హిరోనో దోయిని చంపి మళ్లీ జైలుకి పోతాడు. వకాసుగి దాక్కున్న చోటు గురించి ఎవరో పోలీసులకు ఉప్పందిస్తారు, అతను వాళ్ల చేతిలో చస్తాడు. ఈలోగా కొరియా యుద్ధం వస్తుంది, కురే రేవుకి పనులొస్తాయి, యమమోరి జేబు నిండుతుంది. డబ్బు వచ్చాక ముఠా రెండుగా చీలుతుంది. మత్తుమందు అమ్మకూడదని సకాయ్ స్వాధీనం చేసుకున్న సరుకునే యమమోరి చాటుగా మళ్లీ అమ్ముకుంటాడు. నిలదీస్తే, నేను నాయకుణ్ణంటాడు. నువ్వు మేం మోస్తున్న పల్లకీలో బొమ్మవి, మేం మోయకపోతే కదలవు అని సకాయ్ మొహం మీదే చెబుతాడు. పదేళ్ల నిన్‌క్యో సినిమాలు దాచిపెట్టిన లెక్క అంతా ఆ ఒక్క మాటలో ఉంది.

హిరోనో శాన్‌ఫ్రాన్సిస్కో శాంతి ఒప్పందం తాలూకు క్షమాభిక్ష మీద బయటికొచ్చేసరికి ఎవడు ఎటున్నాడో అతనికే అంతుపట్టదు. మనకి మాత్రం ఎలా పడుతుంది? గజిబిజికి రెండో కారణం ఇదే. మామూలు సినిమాలో కథ హీరో వెంట నడుస్తుంది. ఇక్కడ అసలు తగాదా ముదిరే రోజుల్లో హీరో కటకటాల వెనక ఉన్నాడు, ఎందుకంటే నిజంగా మినో అక్కడే ఉన్నాడు. ఆ ఖాళీని వార్తాచిత్రాల గొంతుతో వినిపించే వ్యాఖ్యానం, తెర మీద పడే అక్షరాలు, గబగబా మారే దృశ్యాలు నింపుతాయి. కసహారా కావాలనుకుంటే తేదీలు మార్చి, నలుగురిని ఒకడిగా కలిపి కథని చదును చేయగలిగేవాడు. చేయలేదు. ఒకరి కథగా కాకుండా పదిమంది కథగా రాశాడు. సంభాషణలు పూర్తిగా హిరోషిమా యాసలో పెట్టాడు. మొరటు యాస, నవ్వించే యాస కూడా. నిన్‌క్యో హీరోల గంభీరమైన మాటలకి అలవాటుపడ్డ చెవులకి అదో కొత్త.

ఫుకసాకు పేరు ప్రతిపాదనకు వచ్చినప్పుడు కసహారా ఒప్పుకోలేదు. స్క్రిప్టు విషయంలో ఇద్దరికీ అంతకుముందే ఒకసారి చెడింది, దీన్నీ కెలికేస్తాడని భయం. షుందో పట్టు విడవలేదు. 1972లో సుగావరాతో ఫుకసాకు తీసిన ఒక వీధి రౌడీ సినిమాలోని వేగం ఆయనకి నచ్చింది. ఫుకసాకు స్క్రిప్టు చదివి, ఇందులో ఏమీ మార్చనని కబురు పెట్టాక కసహారా మెత్తబడ్డాడు.

ఈ పనికి ఫుకసాకు ఎందుకు సరిగ్గా సరిపోయాడో తెలియాలంటే 1945కి వెళ్లాలి. అప్పుడతనికి 15 ఏళ్లు, సొంత జిల్లా ఇబరకిలో ఆయుధాల కర్మాగారంలో పనికి పెట్టిన విద్యార్థి. ఆ వేసవిలో అమెరికన్ నౌకలు తీరం మీద గుళ్లు కురిపించాయి. పిల్లలు దాక్కోవడానికి చోటు లేక ఒకరి కింద ఒకరు దూరారు. ఆ తర్వాత తోటివాళ్ల శవాల ముక్కలు ఏరింది కూడా వాళ్లే. పెద్దవాళ్లు చెప్పిన గొప్ప మాటలన్నీ ఆగస్టు కల్లా అబద్ధాలైపోయాయి. ఈ అనుభవం గురించి ఆయన ముసలితనం దాకా చెబుతూనే ఉన్నాడు. ‘జింగి నాకి తతకాయ్’ పేర్లు పడేటప్పుడు తెర మీద ఉండేది అణుబాంబు పొగ మేఘం. దాని మీద ఎర్రటి అక్షరాలు, తోషియాకి త్సుషిమా కట్టిన బాకాల హోరు. ఆ మేఘం కింద నుంచే ఈ రౌడీలంతా లేచొచ్చారని చెప్పడానికి ఆయనకి ఒక్క డైలాగూ అవసరం రాలేదు.

ఇక చిత్రీకరణ. చాలా భాగం క్యోటోలోని తోయే స్టూడియోలోనూ చుట్టుపక్కల వీధుల్లోనూ జరిగింది. నల్లబజారు దృశ్యం ఒకసారి మళ్లీ చూడండి. ఛాయాగ్రాహకుడు సదాజి యోషిదా కెమెరాని భుజాన పెట్టుకుని జనంలోకి దూరిపోయాడు. ఫ్రేము ఒక పక్కకి ఒరిగిపోతుంది. ఎవరి వీపో అడ్డొస్తుంది. కొట్టేవాడు కెమెరాని రాసుకుంటూ పోతాడు. కొట్టించుకునేవాడు ఫ్రేములోంచి జారిపోతే కెమెరా తడబడుతూ వెతుక్కుంటుంది. నిన్‌క్యో సినిమాలో కత్తి దెబ్బ నాట్యం లాంటిది, ఎక్కడ పడుతుందో ముందే తెలుస్తుంది. ఇక్కడ తుపాకీ పట్టినవాడికే వణుకు. దగ్గర నుంచి కాల్చినా గురి తప్పుతుంది. గుండు తగిలినవాడు వెంటనే చావడు, పాకుతాడు, అరుస్తాడు, మళ్లీ కాల్చాల్సి వస్తుంది. మంగలి కుర్చీలో కూర్చున్నవాణ్ణి చంపుతారు. బిడ్డకి బొమ్మ కొనడానికి ఒంటరిగా కొట్టుకెళ్లినవాణ్ణి చంపుతారు.

ప్రాణం పోగానే దృశ్యం ఆగిపోతుంది. పక్కన అక్షరాలు పడతాయి: పేరు, చనిపోయిన తేదీ, కొన్నిసార్లు గంటతో సహా. ఈ ఎత్తుగడని తర్వాత ఎంతమంది వాడుకున్నారో లెక్కలేదు, ఇప్పుడు చూస్తే అదో ఫ్యాషన్‌లా అనిపించవచ్చు. ఇందులో అది చేసే పని వేరు. 99 నిమిషాల ఉరుకులాటలో కెమెరా స్థిరంగా నిలబడేది అప్పుడొక్కసారే. బతికున్నంతసేపూ ఎవడి మనిషో తేలనివాడి గురించి తేలిగ్గా తెలిసే ఒకే ఒక్క సంగతి అది.

నటీనటుల విషయంలో ఫుకసాకు చేసిన పని తోయేలో చిన్నపాటి తిరుగుబాటు. స్టూడియోలో ‘ఓబెయ’ అని ఒక పెద్ద గది ఉండేది, పేరులేని నటులంతా అందులో పడుండేవారు. వాళ్ల పని కత్తి దెబ్బ తిని పడిపోవడం. ఫుకసాకు వాళ్లని పేరు పెట్టి పిలిచాడు, స్టార్లతో సమానంగా రిహార్సల్ చేయించాడు. ఫ్రేములో ఎక్కడున్నా సరే ఆ క్షణానికి నువ్వే హీరోవనుకో అనేవాడు. సుగావరా వెనకాల, మూలన, సగం తెగిన ఫ్రేములో ఉన్నవాడు కూడా ప్రాణం పెట్టి అరుస్తుండటం మీకు కనిపిస్తే కారణం అదే. ఆ గదిలోంచే వచ్చిన తకుజో కవతానికి మూడో సినిమాలో చెప్పుకోదగ్గ పాత్ర దక్కింది. కొన్నాళ్లకి ఆ బ్యాచ్ అంతా ‘పిరాన్హా సేన’ అని పేరు పెట్టుకుని జపాన్ అంతా తెలిసిపోయారు. పని మాత్రం గొడ్డుచాకిరీ. షూటింగ్ రోజూ అర్ధరాత్రి దాటేదని యూనిట్టే ఫుకసాకు మీద జోకులేసుకునేది.

ఇంతా చెప్పాక, పొగడ్తల్లో కొట్టుకుపోకుండా ఒక సంగతి చూడాలి. యకూజాలకి నీతి లేదని ఈ సినిమా టైటిల్ నుంచే చాటుతుంది. మరి హిరోనో? మాట తప్పడు, స్నేహితుణ్ణి అమ్మడు, డబ్బుకి లొంగడు. చివర్లో సకాయ్ అంత్యక్రియలకి మామూలు బట్టల్లో వచ్చి, చంపించినవాళ్లే పంపిన పూజాసామగ్రిని తుపాకీతో తునాతునకలు చేసి, యమమోరి బెదిరిస్తే ఇంకా గుళ్లు మిగిలే ఉన్నాయని చెప్పి వెళ్లిపోతాడు. ఇది పాత నిన్‌క్యో హీరో నడక కాదా? చంపకుండా వదిలేశాడు, అంతే తేడా. నీతి పోలేదు, అంతా ఒక్కడి దగ్గర పోగుపడింది. అదీ ఎవడి దగ్గర? సంజాయిషీ రాసుకున్నవాడి దగ్గర. ‘నిజ గాథ’ అనే ముద్ర వేసుకుని వచ్చిన ఈ సినిమా, ఒక కక్షిదారు వాంగ్మూలాన్ని తీర్పులా చూపిస్తోంది. ఫుకసాకు కెమెరా ఎంత ఊగినా హిరోనో దగ్గరికొచ్చేసరికి అతని పక్షానే నిలబడుతుంది. నిజమైన యమమోరి 700 కాగితాలు రాసి ఉంటే ఏ సినిమా వచ్చేదో!

కసహారాకి ఈ లోటు తెలుసనే నా అనుమానం. 1973 ఏప్రిల్‌లో వచ్చిన రెండో సినిమాలో హిరోనోని పక్కన పెట్టి, యమనక అనే కుర్రాడి కథ చెప్పాడు. యుద్ధంలో చావలేకపోయి, నాయకుడి కోసం మనుషుల్ని చంపి, ఆ నాయకుడి చేతిలోనే మోసపోయే కుర్రాడు. కసహారా మనసంతా యమనక మీద. ఫుకసాకు మనసేమో అతని శత్రువు, ఎవరికీ తలవంచని ఓటోమో మీద. ఓటోమోగా సోనీ చిబా విరుచుకుపడ్డాడు. మొదట యమనక వేషం అతనికే ఇచ్చి, షూటింగ్‌కి ముందు కిన్యా కితాఓజితో మార్చారు. రచయితా దర్శకుడూ చెరో మనిషిని ప్రేమించడం వల్ల ఆ సినిమాలో ఎవరి సంజాయిషీ చెల్లదు. నా మటుకు మొదటిదానికంటే అదే గొప్పది.

జనం మొదటిదాన్నే నెత్తిన పెట్టుకున్నారు. ‘కినెమా జుంపో’ పత్రిక 1973 ఉత్తమ జపాన్ చిత్రాల్లో దానికి 2వ స్థానం ఇచ్చింది. రౌడీ సినిమాకి అది మామూలు గౌరవం కాదు. 2009లో అదే పత్రిక మొత్తం జపాన్ సినిమా చరిత్రలో అత్యుత్తమాలను ఎంచితే 5వ స్థానంలో నిలిచింది. ఏడాదిన్నరలో ఐదు సినిమాలు వచ్చేశాయి, 1974 జూన్‌కి ఐదోదీ విడుదలైంది. నాలుగోదాంతో కథ అయిపోయిందని కసహారా తప్పుకుంటే, ఐదోది కోజి తకాదా రాశాడు. మిగతా సంస్థల సంగతి అటుంచి, తోయేనే ‘నిజ గాథ’ల మీద పడి కొన్నేళ్లలోనే ఆ గనిని పిండేసింది.

చూడాలనుకునేవాళ్లకి ఒక సలహా. మొదటి సినిమాలో హిరోనో, యమమోరి, సకాయ్ ఈ ముగ్గురి మొహాలూ గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతావాళ్లని వదిలేయండి. రెండోది విడిగా చూసినా నష్టం లేదు. మూడు, నాలుగు మాత్రం ఒకటే కథ. కోబే పెద్ద ముఠాలు హిరోషిమాని అడ్డం పెట్టుకుని కొట్టుకోవడం అందులో విషయం. వెంటవెంటనే చూడకపోతే తల తిరుగుతుంది. ఐదోది ఓపిక ఉంటేనే.